పాత క్యారవాన్‌లో నీళ్ళు కారి చెక్క కుళ్ళిందా? తరచుగా అడిగే ప్రశ్నలు

కార్తీక మాసం వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "బండిలో ఏదో ముక్కిన వాసన వస్తోంది", "మంచం కింద నేల మెత్తగా దిగుతోంది", "మొన్ననే సిలికాన్ కొట్టించాను, మళ్ళీ కారుతోంది". అడిగేవాళ్ళు మారతారు గానీ ప్రశ్నలు అవే.

నాది పాత మినీ బస్సును క్యారవాన్‌గా మార్పించుకున్న బండి. రెండుసార్లు కుళ్ళింది. మొదటిసారి నాకు తెలియక, రెండోసారి నా తొందర వల్ల. తిరుపతిలో ఒక బాడీ బిల్డింగ్ షెడ్డులో మేస్త్రీ పక్కన స్టూలేసుకుని కూర్చుని నేర్చుకున్నదీ, డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నదీ ఇక్కడ రాశాను. దేనికది విడిగా చదువుకోవచ్చు.

## అనుమానం వచ్చినప్పుడు

బండి తలుపు తీయగానే ముక్కిన వాసన వస్తోంది. కుళ్ళినట్టేనా?

ఇంకా చెప్పలేం. ఆ వాసన బూజుది. బూజు పరుపు మీద, కర్టెన్ మీద, దుమ్ము మీద కూడా పెరుగుతుంది. కుళ్ళు వేరే జాతి శిలీంధ్రం, అది చెక్కనే తింటుంది. తేల్చుకోవాలంటే పరుపులు, కర్టెన్లు, బట్టలు అన్నీ బయటికి తీసి, ఖాళీ బండిని ఒక రాత్రంతా మూసి ఉంచండి. తెల్లారి తలుపు తీసినప్పుడు వాసన అలాగే ఉంటే అది గోడలోనో నేలలోనో ఉంది. కొనడానికి వెళ్ళినప్పుడు బండిలో సాంబ్రాణి గుప్పుమంటే మాత్రం భక్తి అనుకుని ఊరుకోకండి, ఇంకోరోజు చెప్పకుండా వెళ్ళి చూడండి.

పైకి అంతా బాగానే ఉంది. లోపల కుళ్ళిందని ఎలా కనిపెట్టాలి?

స్క్రూడ్రైవర్ పిడితో గోడంతా తట్టుకుంటూ వెళ్ళండి. మంచి ప్లైవుడ్ 'టక్' అంటుంది, కుళ్ళింది 'బొద్' అంటుంది. తేడా ఒకసారి వింటే చెవి మర్చిపోదు. తర్వాత బొటనవేలితో నొక్కండి, ముఖ్యంగా కిటికీల కింది మూలల్లో, చక్రాల పైభాగంలో, సింకు కింద, వెనక తలుపు గడప దగ్గర. లామినేట్ బుడగలా లేచిందా, గోధుమరంగు మరకలు ఉన్నాయా, బీడింగ్ పక్కన రంగు పొరలుగా ఊడుతోందా చూడండి.

అన్నిటికంటే నిజం చెప్పేది స్క్రూ. నా బండిలో బెర్త్ కింద ఒక స్క్రూను వేళ్ళతో పట్టుకుంటే అలాగే బయటికి వచ్చేసింది. దాని మరల్లో కాఫీ పొడి లాంటిది ఇరుక్కుని ఉంది, వేళ్ళ మధ్య నలిపితే తడి తడిగా అంటుకుంది. అది చూసేదాకా ఆ గోడకు ఏమీ కాలేదని నేను బల్లగుద్ది చెప్పేవాణ్ణి.

తేమ మీటర్ కొనాలా? ఎంత చూపిస్తే భయపడాలి?

రెండు సూదులున్న చిన్న మీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పాత బండి మీద డబ్బు పెట్టేవాళ్ళు కొనుక్కోవడమే మంచిది. గోడ మీద చాక్‌పీసుతో జానెడు దూరానికి ఒకటి చొప్పున ముగ్గు చుక్కల్లా పెట్టి, ప్రతి చుక్క దగ్గర అంకె రాసుకోండి. తడి ఏ దారిన పాకిందో ఆ అంకెలే బొమ్మ గీసి చూపిస్తాయి.

చెక్కలో తేమ 18 శాతం లోపు ఉంటే మామూలే. 20 దాటితే అనుమానించాలి. 25 నుంచి 30 మధ్య ఉండి, అది వారాల తరబడి అలాగే నిలిస్తే కుళ్ళు పుట్టడానికి కావలసినంత తడి ఉన్నట్టు. ఒక జాగ్రత్త: సూది ఇనుప ఫ్రేముకో, వెండిరంగు ఫాయిల్ పొరకో తగిలితే మీటర్ లేనిపోని పెద్ద అంకె చూపిస్తుంది. ఒక్క చుక్క చూసి కంగారు పడకండి, చుట్టుపక్కలవీ చూడండి.

మీటర్ లేకుండా తేమ లెక్క తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు, కొంచెం ఓపిక కావాలి. అనుమానం ఉన్న చోట చిన్న ముక్క కోసి, వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. ఓవెన్‌లో 100 డిగ్రీలకు కాస్త పైన పెట్టి, పక్కనే ఉండి గమనిస్తూ, బరువు ఇక తగ్గని దాకా ఆరబెట్టి మళ్ళీ తూచండి. 62 గ్రాముల ముక్క 50కి దిగిందనుకోండి, పోయిన నీళ్ళు 12 గ్రాములు. 12ను 50తో భాగిస్తే 24 శాతం. ఆరిన బరువుతోనే భాగించాలి, తడి బరువుతో కాదు.

ఇది కుళ్ళా, చెదలా, పురుగా?

చెదలైతే ఎక్కడో ఒకచోట మట్టి గొట్టాలు కనిపిస్తాయి, చెక్క లోపల పొరలుపొరలుగా డొల్ల అయి మట్టి ఉంటుంది. పురుగైతే గుండుసూది తలంత గుండ్రటి రంధ్రాలు, కింద మెత్తటి పిండి. కుళ్ళయితే రంధ్రాలుండవు. చెక్క ముదురు గోధుమరంగుకు తిరిగి, ఎండిన చెరువు మట్టిలా గళ్ళుగళ్ళుగా పగులుతుంది, లేదా తెల్లగా పీచులా అవుతుంది. తడిసిన చెక్కకు చెదలు కూడా తొందరగా పడతాయి కాబట్టి రెండూ కలిసి ఉండటం వింతేమీ కాదు.

'డ్రై రాట్' అంటారు కదా, తడి లేకుండానే కుళ్ళుతుందా?

లేదు. పేరే అలా పడింది. మనకు కనిపించేటప్పటికి చెక్క ఎండిపోయి పొడిగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. కుళ్ళే సమయంలో తడి ఉండి తీరాలి. తడి పోతే శిలీంధ్రం ఆగుతుంది, కానీ చావదు. మళ్ళీ నీళ్ళు తగిలితే లేస్తుంది.

2021 వరదల్లో మునిగిన బండి చవగ్గా వస్తోంది. తీసుకోవచ్చా?

ఆ నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్ళు ఎలా పారాయో, రాయలచెరువు కట్ట గురించి ఎంత టెన్షన్ పడ్డామో ఇక్కడివాళ్ళకు గుర్తే. వాన లీకు పైనుంచి కొద్దికొద్దిగా దిగుతుంది. వరద కిందనుంచి ఒక్కసారి ఎక్కి, బురదను నేలకూ చాసిస్‌కూ మధ్య వదిలి వెళ్తుంది. ఆ బురద స్పాంజిలా నెలల తరబడి తడి పట్టి ఉంచుతుంది. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చివర చూడండి. వైరింగ్ కనెక్టర్లు విప్పించి చూడండి. నేల మూలలో ఒక ముక్క లేపమని అడగండి. ఒప్పుకోకపోతే వచ్చేయండి. ఒప్పుకుంటే, నేల మొత్తం మార్చాల్సి ఉంటుందని లెక్క వేసుకునే బేరం ఆడండి.

## లీకు వెతికేటప్పుడు

తడి ఎక్కడ ఉందో అక్కడే లీకు ఉంటుంది కదా?

చాలాసార్లు ఉండదు. పైకప్పు ముందు భాగంలో దిగిన నీళ్ళు ఇనుప ట్యూబు వెంట పాకి, వెనక బెర్త్ మూలలో పడతాయి. నేను మొదటిసారి తడి కనిపించిన చోటే చెక్క మార్పించి, దాని మీదున్న కిటికీకే సీలు కొట్టించాను. ఆర్నెల్లకు కొత్త చెక్క కూడా పోయింది. అసలు లీకు అక్కడికి ఐదడుగుల అవతల, లగేజీ క్యారియర్ బోల్టు దగ్గర ఉంది. "నీళ్ళు యాడ పడేది సూడకుండా చెక్క మారిస్తే మళ్ళా నా దగ్గరికే రావాల సామీ" అని మేస్త్రీ ముందే అన్నాడు. నాకు అప్పుడు అది వ్యాపారం మాటలా వినిపించింది.

సాధారణంగా నీళ్ళు దిగే చోట్లు ఏవి?

పైకప్పుకు రంధ్రం వేసిన ప్రతి చోటూ: గాలి వెంటు, ఏసీ, సోలార్ ప్యానెల్ క్లాంపులు, క్యారియర్, నిచ్చెన రివెట్లు. తర్వాత మూలల అల్యూమినియం బీడింగు, కిటికీ రబ్బరు, పైన ఉండే చిన్న మార్కర్ లైట్లు. మార్కర్ లైటును ఎవరూ అనుమానించరు, అందుకే ముందు దాన్ని విప్పండి. చక్రాల దగ్గర మాత్రం నీళ్ళు కిందనుంచి ఎగిరి కొడతాయి.

పైపుతో నీళ్ళు కొట్టి చూడమంటున్నారు. ఎలా చేయాలి?

ఇద్దరు కావాలి. ఒకరు టార్చితో లోపల, ఒకరు పైపుతో బయట. కిందనుంచి మొదలుపెట్టి పైకి రావాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు అన్ని సందుల మీదుగా కారి, ఏది కారుతోందో తెలియకుండా పోతుంది. ఒక్కో కిటికీ, ఒక్కో జాయింటు దగ్గర కనీసం పది నిమిషాలు వానలాగే పడనివ్వండి. ప్రెషర్ వాషర్ వాడొద్దు, అది మంచి రబ్బరులోంచి కూడా నీళ్ళు తోస్తుంది. లోపలి ప్యానెల్ విప్పి ఉంటేనే ఈ పరీక్షకు అర్థం. ట్యూబుల వెంట పాత న్యూస్‌పేపర్ ముక్కలు అంటించి పెడితే, మొదటి చుక్క ఎక్కడ పడిందో కాగితం మీద మచ్చ చెబుతుంది.

నీళ్ళు కొట్టినా కారలేదు. కానీ వానకు కారుతోంది. ఇప్పుడేం చేయాలి?

సబ్బు నీళ్ళ పరీక్ష చేయండి. కిటికీలు, వెంట్లు అన్నీ మూసి, ఒక కిటికీలో బ్లోయర్ బిగించి చుట్టూ టేపు వేసి, బయటి గాలిని బండిలోకి తోయాలి. బయట జాయింట్ల మీద సబ్బు నీళ్ళు రాస్తే, సందు ఉన్న చోట బుడగలు లేస్తాయి. అప్పటికీ దొరక్కపోతే బండిని ఒకసారి భాకరాపేట ఘాట్ ఎక్కించి దింపి, వచ్చాక మళ్ళీ నీళ్ళు కొట్టండి. నిలబడి ఉన్న బండిలో మూసుకుని ఉండే సందు, మలుపుల్లో బాడీ మెలిపడినప్పుడు తెరుచుకుంటుంది. నా బండి క్యారియర్ బోల్టు దొరికింది అలాగే.

వానలే లేవు. అయినా నేల తడుస్తోంది, ఎందుకు?

బండిలోని నీళ్ళే. కుళాయిలన్నీ కట్టి ఉన్నా పంపు అప్పుడప్పుడు తనంతట తాను 'టక్ టక్' అని ఆగితే పైపులో ఎక్కడో కారుతోంది. షవర్ దగ్గరి మూలలు, సింకు కింది వేస్ట్ పైపు, ట్యాంకు మూత చూడండి. అవేవీ కాకపోతే ఏసీ. దాని నీళ్ళు బయటికి పోయే సన్నటి పైపులో దుమ్మో, కందిరీగ గూడో అడ్డుపడితే నీళ్ళు వెనక్కి తిరిగి గోడలోకి వస్తాయి. అలాగే చల్లబడిన ఇనుప ఫ్రేము మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది. గోడ మీద గీతలు గీసినట్టు నిలువుగా తడి కనిపిస్తే అది లీకు కాదు, ఫ్రేము చెమట.

## విప్పడం, ఆరబెట్టడం

ఈ పని ఏ నెలలో మొదలుపెట్టాలి?

మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. కాబట్టి సంక్రాంతి దాటాక విప్పండి. మార్చి నుంచి మే వరకు మన ఎండలు ఏ డ్రయ్యరూ చేయలేని పని ఉచితంగా చేస్తాయి. జూన్‌కల్లా చెక్క పని, సీలు అయిపోతే, జులై, ఆగస్టు సాయంత్రాల్లో పడే జల్లులు పరీక్షకు పనికొస్తాయి. తేడా ఉంటే సరిచేసుకోవడానికి సెప్టెంబరు చేతిలో ఉంటుంది. దసరా సెలవులకు ఊరెళ్ళాలని సెప్టెంబరులో విప్పేవాళ్ళను చూస్తే నా రెండో తప్పు గుర్తొస్తుంది. సరిగ్గా ఆరకముందే మూయించేశాను.

ఎంత మేరకు విప్పాలి? కనిపించినంత వరకు చాలదా?

మెత్తటి చెక్క అయిపోయి, గట్టి చెక్క వచ్చాక కూడా ఇంకో అడుగు విప్పండి. శిలీంధ్రం పోగులు కంటికి బాగానే కనిపించే చెక్కలోకి కూడా పాకి ఉంటాయి. విప్పే ముందు బ్యాటరీ, ఇన్వర్టర్ కనెక్షన్లు తీసేయండి, గ్యాస్ సిలిండర్ దించేయండి. ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీయండి. స్క్రూలను మజ్జిగ కప్పుల్లో విడివిడిగా వేసి, ఏ ప్యానెల్‌వో మార్కర్‌తో రాయండి.

ఎన్నాళ్ళు ఆరబెట్టాలి?

రోజుల లెక్క కాదు, తేమ లెక్క. ఒకే చోట వారం తేడాతో తీసిన మూడు రీడింగులు 16 శాతం దగ్గర నిలకడగా ఉంటే ఆరినట్టు. ఎండాకాలంలో ఇది మూడు వారాల్లో అవ్వొచ్చు, మందపాటి చెక్క అయితే రెండు నెలలూ పట్టొచ్చు. బండిని మూసి లోపల హీటర్ పెట్టడం తప్పు. చెక్కలోంచి లేచిన ఆవిరి బయటికి పోయే దారి లేక చల్లటి రేకు మీద మళ్ళీ నీరవుతుంది. రెండు వైపులా తలుపులు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టండి, రాత్రి మంచు పడే రోజుల్లో మూయండి.

గోడలోని గ్లాస్ వూల్, థర్మాకోల్, పఫ్ (పాలీయూరేథేన్ ఫోమ్) మళ్ళీ వాడుకోవచ్చా?

తడిసిన గ్లాస్ వూల్ పారేయండి. థర్మాకోల్ తుడిచి ఆరబెడితే పనికొస్తుంది. పఫ్ నీళ్ళు పెద్దగా పీల్చదు, కానీ రేకుకూ పఫ్‌కూ మధ్య నీళ్ళు చేరితే బయటికి రాలేవు. ఒకచోట కోసి చూడండి. రేకు వైపు తుప్పు లేదా తెల్లటి పొడి ఉంటే ఆ భాగం తీసేయాల్సిందే.

బూజు మీద బ్లీచింగ్ చల్లితే చాలా?

చెక్క మీద చాలదు. రంగు పోతుంది, లోపలున్నది ఉంటుంది. పైగా బ్లీచింగ్ నీళ్ళు చెక్కకు మళ్ళీ తడి ఇస్తాయి. ఎన్95 మాస్కు పెట్టుకుని, డిటర్జెంట్ నీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. పొడి బూజును చీపురుతో ఊడ్చొద్దు, బండంతా లేస్తుంది.

ఉంచబోయే గట్టి చెక్కకు వెలిగారం ద్రావణం పూయండి. మూడు వంతుల వెలిగారం, రెండు వంతుల బోరిక్ యాసిడ్ కలిపి, లీటరు వేడినీళ్ళకు ఆ మిశ్రమం సుమారు 100 గ్రాములు. శిలీంధ్రానికీ చెదలకూ రెంటికీ పనిచేస్తుంది. వాన తగిలే చోట కడుక్కుపోతుంది, కాబట్టి లోపలి వైపుకే. పిల్లలకు అందకుండా పెట్టండి.

ఫ్రేము విరిగింది. వెల్డింగ్ చేయించొచ్చా?

చేయించాలి, కానీ చుట్టూ రెండు మూడు అడుగుల మేర పఫ్, థర్మాకోల్, ప్లై, వైర్లు తీసేశాకే. పఫ్ అంటుకుంటే వచ్చే పొగలో సైనైడ్ వాయువు కూడా ఉంటుంది, రెండు మూడు పీల్పులకే మనిషి పడిపోవచ్చు. వెల్డర్ "ఏం కాదు సామీ, తడిగుడ్డ వేస్తా" అంటాడు. తడిగుడ్డ చాలదు. ఎక్స్‌టింగ్విషర్ పక్కన పెట్టి, పని అయ్యాక గంటసేపు అక్కడే ఉండండి, నిప్పురవ్వ లోపల ఎక్కడో మెల్లగా రాజుకుంటూ ఉంటుంది.

## చెక్క పని

కుళ్ళిన చెక్కలో ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) పోసి గట్టిపరచొచ్చా?

విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు ఉంది. కుళ్ళిన చెక్కకు ఏ కట్టూ లేదు. బరువు మోయని చోట, అంటే అలంకార బీడింగు, స్విచ్ బోర్డు చుట్టూ, అరచేతిలో పట్టేంత మచ్చ అయితే పలచటి ఎపాక్సీ పీల్పించి సరిపెట్టుకోవచ్చు. నేల, బెర్త్ కాళ్ళు, తలుపు చట్రం లాంటివి కోసి తీసి కొత్తది వేయాల్సిందే. తడి మీద ఎపాక్సీ పోస్తే తడిని లోపలే బంధించినట్టు అవుతుంది. అది ఏమీ చేయకపోవడం కంటే అన్యాయం.

ఏ ప్లైవుడ్ వాడాలి?

ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై. మరిగే నీళ్ళలో 72 గంటలు ఉంచినా పొరలు ఊడకూడదన్నది దాని పరీక్ష. షాపులో 'వాటర్‌ప్రూఫ్' అన్న మాట అందరూ అంటారు, మీరు షీటు మీద ముద్ర చూడండి. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు బండిలో వద్దేవద్దు, ఒక్కసారి తడిస్తే రస్కులా ఉబ్బుతాయి.

జిగురు ఊడకపోవడం వేరు, చెక్క కుళ్ళకపోవడం వేరు. ఎంత మంచి ప్లై అయినా అంచుల్లోంచి నీళ్ళు తాగుతుంది. కోసిన ప్రతి అంచుకూ, వేసిన ప్రతి రంధ్రానికీ ఎపాక్సీ రెండు పూతలు. స్క్రూ రంధ్రం కాస్త పెద్దగా వేసి, ఎపాక్సీతో నింపి, ఆరాక మళ్ళీ చిన్న రంధ్రం వేస్తే స్క్రూ చుట్టూ చెక్క కనిపించదు. కార్పెంటర్లు దీన్ని చాదస్తం అంటారు. డబ్బులిచ్చేది మీరు కాబట్టి చేయించుకోండి.

నేల మొత్తం మార్చకుండా పాడైనంత ముక్క మార్చొచ్చా?

మార్చొచ్చు. చదరంగా కోసి, జాయింటు ఇనుప క్రాస్ మెంబర్ (నేల కింద అడ్డంగా ఉండే కమ్మీ) మీదకు వచ్చేలా చూసుకోండి. అలా కుదరకపోతే కింద ఆరంగుళాల వెడల్పు ప్లై పట్టీ వేసి, రెండు ముక్కల్నీ దానికి ఎపాక్సీతోనూ, స్టెయిన్‌లెస్ స్క్రూలతోనూ బిగించండి. కొత్త ముక్క అడుగు వైపు కూడా పూత వేశాకే దించాలి, దించాక అక్కడికి బ్రష్ పోదు.

ఫైబర్ పని ఇంట్లోనే చేసుకుంటున్నాను. ఏం జాగ్రత్తలు?

పాలియెస్టర్ రెజిన్‌కు రెండు సీసాలు ఇస్తారు: హార్డనర్, యాక్సిలరేటర్. ఆ రెండింటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ కలపకూడదు, పేలుతుంది. ముందు యాక్సిలరేటర్‌ను రెజిన్‌లో బాగా కలిపాక, విడిగా హార్డనర్ వేయాలి. కళ్ళద్దాలు తప్పనిసరి. హార్డనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. మిట్టమధ్యాహ్నం చేస్తే మగ్గులోనే గడ్డకట్టుకుపోతుంది, తెల్లవారుజామున చేయండి.

కొత్త నేల వేశాం. గ్యాస్ బల్ల కింద ఉన్న రంధ్రంలోంచి దుమ్ము వస్తోంది, మూసేయనా?

మూయొద్దు. వంటగ్యాస్ గాలి కంటే బరువైంది, కారితే కిందికే దిగుతుంది. అది బయటికి పోవడానికే ఆ రంధ్రం. జాలీ వేయండి, అంతే. పాత నేలలో ఆ రంధ్రం ఎక్కడ ఉందో కొలత రాసుకుని, కొత్త నేలలో మర్చిపోకుండా వేయించండి. అందంగా నేల వేసి దీన్ని మూసేసిన బండ్లు రెండు చూశాను.

సీటు బోల్టులు కుళ్ళిన చెక్కలో ఉన్నాయి. కొత్త చెక్కలో బిగిస్తే సరిపోతుందా?

సరిపోదు. సీటు, సీటు బెల్టు బోల్టులు చెక్కను దాటి ఇనుప ఫ్రేముకో, కింద మందపాటి ఇనుప ప్లేటుకో పట్టాలి.

## సీలు

సిలికాన్ కొట్టిస్తే పోలేదా?

పోదు. బాత్రూమ్ సిలికాన్ ఎండకూ, బండి కదలికకూ అంచుల దగ్గర ఊడుతుంది. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు వదిలే ఆమ్లం ఇనుమును తుప్పు పట్టిస్తుంది. పైగా సిలికాన్ పూసిన చోట తర్వాత ఏ సీలెంటూ, రంగూ పట్టదు. మీ బండికి ఇప్పటికే కొట్టించి ఉంటే బ్లేడుతో గీకి, మిగిలిన జిడ్డు పొరను సాండ్‌పేపరుతో రేకు మెరిసేదాకా తీయాలి. మొత్తం పనిలో విసుగు పుట్టించేది ఇదే. నాకు ఒక్క క్యారియర్ చుట్టూ తీయడానికి రెండు ఆదివారాలు పట్టాయి.

మరి ఏం వాడాలి?

రెండు రేకుల మధ్య, ఫ్రేము కింద నలిగే చోట బ్యూటైల్ టేపు, అంటే జిగురుగా ఉండే మెత్తటి రబ్బరు పట్టీ. అది ఎప్పటికీ గట్టిపడదు, బాడీ కదిలితే దాంతో పాటు కదులుతుంది. బయటి అంచుకు పాలీయూరేథేన్ సీలెంట్, దాని మీద రంగు. నేరుగా ఎండ తగిలే పైకప్పు మీద రంగు వేయలేకపోతే, ఎండకు తట్టుకుంటుందని ట్యూబు మీద రాసి ఉన్న రకమే కొనండి. సీలెంట్ గాలిలోని తేమతో, రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతున ఆరుతుంది. లావుగా పూసి మర్నాడే బయల్దేరకండి.

ఎంత మంచి సీలెంట్ వాడినా రెండేళ్ళకు పగుళ్ళు వస్తున్నాయి, ఎందుకని?

మన ఎండకు పైకప్పు రేకు ఎంత సాగుతుందో లెక్కేస్తే అర్థమవుతుంది. ఆరు మీటర్ల అల్యూమినియం రేకు తెల్లవారుజాము కంటే 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే సుమారు ఐదున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. దాని కింది ఇనుప ఫ్రేము అంతే వేడెక్కినా మూడు మిల్లీమీటర్ల లోపే. ఈ తేడా అంతా రోజుకొకసారి జాయింట్లలోని సీలెంట్ మీదే పడుతుంది. పలచగా గీత గీసినట్టు పూస్తే తెగుతుంది. జాయింటులో మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు ఉంచి నింపితే సాగడానికి దానికి చోటు ఉంటుంది. పైకప్పుకు తెల్లరంగు వేయించినా వేడి బాగా తగ్గుతుంది.

మిద్దె మీద వేసే వాటర్‌ప్రూఫ్ పూత బండి మీద వేయొచ్చా?

జాయింట్లన్నీ ముందు విడిగా సీలు చేశాక, పైపూతగా సాగే రకం తెల్లది వేయొచ్చు. జాయింట్లకు బదులుగా దాన్నే వేస్తే, లీకు ఆగదు సరికదా, ఎక్కడుందో ఇక దొరకదు.

## ఖర్చు, కాగితాలు, ఆ తర్వాత

ఇన్సూరెన్స్ వస్తుందా?

ఏళ్ళ తరబడి కారి కుళ్ళిందానికి రాదు, అరుగుదల కింద తోసేస్తారు. థర్డ్ పార్టీ ఒక్కటే కాకుండా ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) కూడా ఉంటే వరద నష్టానికి క్లెయిమ్ చేయొచ్చు. నీళ్ళు తీశాక బండి స్టార్ట్ చేయకుండా ముందు ఫోటోలు తీసి, కంపెనీకి చెప్పండి.

చెక్క మారిస్తే ఆర్‌టీవో దగ్గరికి వెళ్ళాలా?

ఉన్నదాన్ని ఉన్నట్టే బాగుచేస్తే అక్కర్లేదు. ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. పనిలో పనిగా పైకప్పు ఎత్తు పెంచుదాం, రెండు సీట్లు కలుపుదాం అనుకుంటే మాత్రం ముందు ఆఫీసులో అడగండి.

ఎంతవుతుంది?

విప్పి చూసేదాకా ఎవరూ నిజమైన అంకె చెప్పలేరు, చెప్పారంటే విప్పరని అర్థం. సామాను కంటే కూలీ ఎక్కువ. కాబట్టి విప్పడం, గీకడం, ఆరబెట్టడం, పూత వేయడం మీరు చేసుకుని, వెల్డింగు, కొలత కోతలు మేస్త్రీకి వదిలేస్తే బిల్లు బాగా తగ్గుతుంది. విప్పడానికి ఒక బేరం, బిగించడానికి వేరే బేరం మాట్లాడుకోండి.

ఎప్పుడు ఇక వద్దు అనుకోవాలి?

చాసిస్ పొడవాటి బీములు సుత్తితో కొడితే పెచ్చులుగా రాలినా, నిలువు ట్యూబులు అడుగున వరసగా తినేసి ఉన్నా ఆగండి. చెక్క ఎంతైనా మార్చొచ్చు గానీ, దాన్ని మోసే ఇనుమే లేనప్పుడు డబ్బు పెట్టొద్దు. కిటికీలు, ఫ్రిజ్, సోలార్ విప్పి అమ్ముకోవచ్చు.

బాగుచేశాక ఏటా ఏం చూసుకోవాలి?

వినాయక చవితికి ఒకసారి పైకప్పు ఎక్కి జాయింట్లు చూడండి, అక్టోబరు వానలకు ముందు సమయం ఉంటుంది. బండిని ఒక పక్కకు కాస్త వాలుగా నిలిపితే పైన నీళ్ళు నిలవవు. వేపచెట్టు కింద నీడ బాగుంటుంది కానీ ఆకులు కాలువల్లో పేరుకుని తడి పట్టి ఉంచుతాయి. టార్పాలిన్ కప్పితే గాలి ఆడేలా కింద కర్రలు పెట్టండి, బిగించి కడితే లోపలే ఉడుకుతుంది.

కోతులు కిటికీ రబ్బరు పీకేస్తున్నాయి. ఏదైనా మార్గం ఉందా?

అలిపిరి వైపు ఉండేవాళ్ళందరిదీ ఇదే గోడు. కారం నీళ్ళు, అద్దాలు, ప్లాస్టిక్ పాము అన్నీ చేశాను. పాముతో వారం తర్వాత అవే ఆడుకున్నాయి. ఇప్పుడు రబ్బరు పైకి లేచి ఉండే చోటల్లా సన్నటి అల్యూమినియం పట్టీ, దాని కింద బ్యూటైల్ టేపు వేసి రివెట్లు కొట్టించాను. పట్టీ అంచు వాటి గోళ్ళకు దొరకదు. అయినా ఘాట్ వైపు వెళ్ళొచ్చిన ప్రతిసారీ చుట్టూ ఒకసారి వేలితో తడిమి చూస్తాను, ఎక్కడైనా అంచు లేచి ఉంటే ఆ సాయంత్రమే నొక్కేస్తాను.